పుర్రె కిటికీలోంచి మెదడు: హెడ్‌సెట్‌తో పాఠం ఎలా చెప్పాలి

బరంపురంలో జూనియర్ సర్జన్లకు మెదడు అనాటమీ చెబుతుంటాను. ఒడియా పిల్లలూ వస్తారు, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి మన తెలుగు పిల్లలూ వస్తారు. వీఆర్‌తో, అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించి చూపించే 3డీ బొమ్మలతో, నేర్పాలని సరదాపడే తోటి డాక్టర్లు అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏ హెడ్‌సెట్ కొనమంటారు?" అది ఆఖర్న చూసుకోవచ్చు. ముందు ఏ ఆపరేషన్ నేర్పాలో తేల్చుకోండి. మెదడును గాల్లో నిలబెట్టి గిరగిరా తిప్పితే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ థియేటర్లో సర్జన్‌కు మెదడు అలా ఎప్పుడైనా కనిపించిందా? కనిపించేది ఎముకలో కోసిన కిటికీ, అందులోంచి కాస్త మెదడు, అదీ వంచి పెట్టిన తలలో.

నేను కుడివైపు టీరియోనల్ క్రేనియాటమీతో, అంటే కణత దగ్గర ఎముక కోసి తెరిచే ఆపరేషన్‌తో, మొదలుపెడతాను. మిడిల్ సెరిబ్రల్ ధమని చీలే చోట అన్యూరిజం (ధమని గోడమీది బుడగలాంటి ఉబ్బు) ఉన్న కేసు, మిల్లీమీటరు మందం స్లైసులున్న సీటీ యాంజియో (రక్తనాళాలు కనపడే సీటీ స్కాన్) ఉంటే చాలు. మెదడు మడతలు బాగా కనపడాలంటే టీ1 ఎమ్మారై కూడా తీసుకుని, రెండింటినీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టాలి. ఈ పనికి 3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. ఎముకను థ్రెషోల్డ్‌తో, అంటే ఫలానా తెలుపు దాటినదంతా ఎముకేనని చెప్పి, తేలిగ్గా విడదీయొచ్చు. రక్తనాళాల దగ్గరే ఓపిక కావాలి. పుర్రె అడుగుభాగంలో కెరోటిడ్ (మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమని) ఎముకను ఆనుకుని పోతుంది, సీటీలో రెండూ తెల్లగానే ఉంటాయి, సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే ముద్ద చేసేస్తుంది. అక్కడ స్లైసు స్లైసుకీ చేత్తో దిద్దాల్సిందే.

రోగి పేరు చెరిపేస్తే సరిపోదు. స్కాన్ నుంచి ముఖం చర్మంతో సహా తయారవుతుంది, ఊళ్లోవాళ్లు చూస్తే ఇట్టే గుర్తుపడతారు. ముఖం భాగం కత్తిరించేశాకే ఫైలు బయటకు ఇవ్వండి.

ఇలా తయారైన 3డీ మోడల్‌ను డెసిమేట్ చేసి, అంటే అందులోని త్రిభుజాల సంఖ్య తగ్గించి, తేలిక చేయండి. లేకపోతే తల తిప్పినప్పుడల్లా బొమ్మ వెనకబడి, పిల్లలకు కడుపులో తిప్పేస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డున్న లాప్‌టాప్‌కు హెడ్‌సెట్‌ను కేబుల్‌తో కలిపితే, స్లైసర్‌లోని వీఆర్ ఎక్స్‌టెన్షన్‌తోనే పని జరిగిపోతుంది. మోడల్‌ను వేరే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే మాత్రం అక్షాలు మారి కుడి ఎడమ అయ్యే ప్రమాదం ఉంది. అన్యూరిజం ఏ వైపుందో అసలు స్కాన్‌తో పోల్చుకున్నాకే క్లాసుకు తీసుకెళ్లండి.

ఇక తలను థియేటర్లో పెట్టినట్టే పెట్టండి. ఎడమవైపు సుమారు ముప్పై డిగ్రీలు తిప్పి, చెంప ఎముక అన్నిటికంటే ఎత్తుగా వచ్చేలా కాస్త వెనక్కి వంచాలి. అలా వంచితేనే మెదడు ముందుభాగం, ఫ్రాంటల్ లోబ్, తన బరువుకి తానే కిందికి జారి దారిస్తుంది. పీజీని తలవైపు కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ల మధ్య దూరం సరిచేసి, హెడ్‌సెట్ తగిలించండి. అప్పటికింకా ఎముక మూసే ఉండాలి.

"సిల్వియన్ ఫిషర్ ఎక్కడుంది? వేలు పెట్టి చూపించు బాబూ."

"ఇక్కడ సార్."

"సరే, ఇప్పుడు ఎముక తీస్తున్నాను."

వేలు ఒకచోట ఉంటుంది, ఫిషర్, అంటే మెదడు ముందుభాగానికీ పక్కభాగానికీ మధ్య ఉండే గాడి, ఇంకోచోట తేలుతుంది. ఆ తేడా కళ్లారా చూడ్డమే అసలు పాఠం. చెప్పించకముందే చూపించారా, క్లాసు సినిమా అయిపోతుంది.

లోపలికి వెళ్లాక ఆప్టిక్ నరం, దాని పక్కన కెరోటిడ్, అది ఆంటీరియర్, మిడిల్ సెరిబ్రల్ ధమనులుగా చీలే చోటు, అక్కణ్నుంచి ఎం1 (మిడిల్ సెరిబ్రల్ మొదటి భాగం) వెంట అన్యూరిజం దాకా వరసగా నడిపించండి. ఎం1 దగ్గర ఆపి, "ఇక్కడ కనపడనివి ఏమున్నాయి?" అని అడగండి. జవాబు లెంటిక్యులోస్ట్రయేట్లు, ఎం1 నుంచి మెదడు లోతుల్లోకి పోయే చిన్న ధమనులు. దారంలా సన్నగా ఉండి మామూలు సీటీ యాంజియోలో సరిగా పడవు, కాబట్టి మోడల్‌లోనూ ఉండవు. అన్యూరిజం మూయడానికి పెట్టే క్లిప్‌లో పొరపాటున ఒకటి ఇరుక్కుంటే రోగికి ఎదుటివైపు చెయ్యీ కాలూ పడిపోవచ్చు. మోడల్ శుభ్రంగా ఉన్నకొద్దీ పిల్లలకు ఇవి లేవనే భ్రమ కలుగుతుంది. మెదడుమీది అరాక్నాయిడ్ పొర, వెన్నుద్రవం, బయటి పొర డ్యూరా తెరిచాక మెదడు జరగడం, ఇవీ అందులో ఉండవు. అందుకే కెడావర్ డిసెక్షన్ (శవం మీద కోసి నేర్చుకోవడం) మానెయ్యమని నేను ఎవరికీ చెప్పను.

ఏఆర్‌ను, అంటే ఎదురుగా ఉన్న వస్తువుమీదే బొమ్మ పరిచి చూపించే పద్ధతిని, నేను ప్లాస్టిక్ పుర్రెకే పరిమితం చేస్తాను. కెమెరాలోంచి పుర్రె కనిపిస్తుంటే దానిమీద మెదడు బొమ్మ పరిచి, కోత గీత స్కెచ్ పెన్‌తో గీయిస్తాను. బొమ్మ నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా పుర్రె ఏమీ అనదు. రోగి తలమీద గీత గీయాలంటే అందుకోసం తయారైన న్యూరోనావిగేషన్ యంత్రం ఉండాలి.

మా దగ్గర గోపాల్‌పూర్ సముద్రపు గాలికి, చెమటకి లెన్సులు ఊరికే మసకేస్తాయి. పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, స్పిరిట్ తగలనివ్వకండి. ఒక్కొక్కరికి పది నిమిషాలు దాటనివ్వకండి, తల తిరుగుతోందంటే వెంటనే తీసేయండి.

హెడ్‌సెట్ తీయగానే తెల్లకాగితం ఇచ్చి, చూసిన దారి గీయమనండి. గీయలేక ఎక్కడ ఆగిపోయారో రాసిపెట్టుకుంటే వచ్చే క్లాసు అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.