ఈము యుద్ధం మీద రీల్ చేయాలంటే

"1932లో ఆస్ట్రేలియాలో..." అని మొదలెట్టావంటే జనం స్క్రోల్ చేసి పోతారు బాబాయ్. ముందు "మెషీన్ గన్లు పట్టుకెళ్లిన సైన్యం పక్షుల చేతిలో ఓడిపోయింది తెలుసా" అని వదులు, ఆ తర్వాతే సంవత్సరం, ఈము పక్షులు పాడుచేసిన గోధుమ పొలాలు, రెండు లూయిస్ మెషీన్ గన్లు, 10,000 రౌండ్ల తూటాలు ఇవన్నీ చెప్పు. మన వైపు కూడా ఈము కోళ్లు పెంచి డబ్బులు పోగొట్టుకున్నోళ్లు బోలెడుమంది కదా, ఆ ముక్క మధ్యలో వేస్తే కామెంట్లు ఆగవు.

ప్రకాశం బ్యారేజీ మీద మాత్రం షూట్ చేయకు, గాలి హోరుకి గొంతు వినపడదు, నేను మూడుసార్లు తీసి విసుగొచ్చి చివరికి వన్‌టౌన్‌లో మా ఇంట్లోనే ఫ్యాన్ ఆపేసి దుప్పటి కప్పుకుని వాయిస్ చెప్పా, చెమటలు కారిపోయాయి అనుకో.

నిమిషం దాటనివ్వకు. యూట్యూబ్‌లో 2005 ఏప్రిల్ 23న పెట్టిన మొట్టమొదటి వీడియోనే 19 సెకన్లు, జూలో ఏనుగుల ముందు నిలబడి వాటి తొండాలు భలే పొడుగని చెప్పడం తప్ప అందులో ఇంకేం లేదు.

అన్నట్టు, అది అసలు యుద్ధం కాదు, ఎవరూ ప్రకటించలేదు, పేపర్లోళ్లు సరదాకి తగిలించిన పేరు. అదొక్క లైన్ చివర్లో పెట్టెయ్, లేదంటే కామెంట్లలో ఎవరో మాస్టారు దిగుతారు.