వరుస సెలవులు వచ్చేలోపు సైబర్ బీమా పాలసీ బయటికి తీయండి

కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ముఠాలు ఆఫీసులో మనుషులుండని రోజుల కోసం కాచుకుని ఉంటాయి. 2021 మే నెలలో అమెరికాలోని ఇంధన సరఫరా కంపెనీ కలోనియల్ పైప్‌లైన్ మీద దాడి బయటపడింది శుక్రవారం. మాంసం కంపెనీ జేబీఎస్ మీద దాడి అదే నెలాఖరున, మెమోరియల్ డే సెలవు కలిసొచ్చిన వారాంతంలో. కసేయా సాఫ్ట్‌వేర్ ద్వారా వందలాది వ్యాపారాలకు ఒకేసారి పాకిన దాడి జూలై 2న, అక్కడి స్వాతంత్ర్య దినోత్సవ సెలవులకు సరిగ్గా ముందు. ఆ ఏడాది ఆగస్టు 31న అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, అక్కడి సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ (CISA) సెలవులు, వారాంతాల్లో జాగ్రత్త అంటూ ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చాయి.

సైబర్ బీమా ఉంది కదా, ఇక టెన్షన్ ఎందుకు అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. బీమా తీసుకోవడం మంచి పనే. చిన్న వ్యాపారమైనా తీసుకోమనే చెబుతాను. కానీ క్లెయిమ్ డబ్బు చేతికి వస్తుందా రాదా అన్నది చాలావరకు రెండు చోట్ల తేలిపోతుంది. బీమా తీసుకునేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారంలో మీరు రాసిన జవాబులు మొదటిది. దాడి బయటపడిన తొలి గంటల్లో మీవాళ్లు ఏం చేస్తారన్నది రెండోది. రెండింటికీ ఇప్పుడే సిద్ధం కావాలి.

ముందు ఫారం సంగతి. 2022లో ట్రావెలర్స్ బీమా కంపెనీ తన పాలసీదారైన ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ మీద అమెరికా కోర్టుకెళ్లింది. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో తనిఖీ) వాడుతున్నామని దరఖాస్తులో రాశారు, రాన్సమ్‌వేర్ దాడి తర్వాత చూస్తే అది నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌కు మాత్రమే ఉంది, సర్వర్లకు లేదు అన్నది బీమా కంపెనీ ఆరోపణ. చివరికి పాలసీ రద్దుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. దాడి జరిగాక బీమా లేకుండా మిగిలిపోవడం కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

సాధారణంగా ఈ ఫారం అకౌంట్స్ చూసేవాళ్లో, యజమానో బ్రోకర్‌తో కూర్చుని నింపేస్తారు. కంప్యూటర్లు చూసే మనిషి పక్కన లేకుండా ఒక్క గడి కూడా నింపకండి. రెండంచెల ధ్రువీకరణ ఉందా అని అడిగితే వెంటనే ‘అవును’ అని టిక్ పెట్టకండి. ఈమెయిల్‌కు ఉందా, బయటి నుంచి లాగిన్ అయ్యే వీపీఎన్‌కు ఉందా, అడ్మిన్ ఖాతాలకు, క్లౌడ్‌కు, బ్యాకప్ నడిపే ఖాతాకు ఉందా అని ఒక్కోటీ తెరిచి చూడాలి. కలోనియల్ పైప్‌లైన్‌లోకి దొంగలు దూరింది వాడకంలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతా నుంచి. దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో అంచె లేదు. ఆ కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అప్పటి విలువలో సుమారు 44 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. మీ దగ్గర ఉద్యోగం మానేసినవాళ్ల ఖాతాలు, ఎప్పుడో పని చేసి వెళ్లిన వెండర్‌కు ఇచ్చిన లాగిన్లు ఇంకా తెరిచే ఉన్నాయేమో సెలవులకు ముందే చూసి మూసేయండి.

రెండంచెల ధ్రువీకరణ కొన్నిచోట్లే ఉంటే ఫారంలో ‘కొన్నిచోట్లే’ అని రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు. ప్రతి జవాబుకూ ఆ రోజు తేదీతో స్క్రీన్‌షాట్ తీసి దాచండి. మధ్యలో సిస్టమ్ మార్చినా, కొత్త బ్రాంచి పెట్టినా బ్రోకర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ఫారంలో రాసినది సంతకం పెట్టిన రోజున ఎంత నిజమో, దాడి జరిగిన రాత్రి కూడా అంతే నిజంగా ఉండాలి.

బ్యాకప్ గురించి కూడా ఫారంలో అడుగుతారు. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ షిప్పింగ్ కంపెనీ మెర్స్క్ నెట్‌వర్క్‌ను దాదాపు తుడిచిపెట్టేసింది. లాగిన్లన్నిటికీ ఆధారమైన డొమైన్ కంట్రోలర్లు ప్రపంచమంతటా పోయాయి. ఘనాలో ఒక్కటి మిగిలింది, అదీ దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ మెషిన్ ఆఫ్‌లైన్‌లో ఉన్నందుకే. ఆ ఒక్క కాపీ ఆధారంగా నెట్‌వర్క్‌ను మళ్లీ నిలబెట్టారు. అంత పెద్ద కంపెనీకి కరెంటు కోత కలిసొచ్చింది. మనం దాని మీద ఆధారపడలేం. లోపలికి వచ్చినవాళ్లు ముందుగా వెతికేది బ్యాకప్‌నే. కాబట్టి ఒక కాపీ నెట్‌వర్క్‌కు తగలకుండా, ఎవరూ చెరపలేని చోట ఉండాలి. సెలవులకు ముందు ఒకసారి దాన్నుంచి ఫైళ్లు నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో పెట్టి చూడండి. చాలామంది బ్యాకప్ తీస్తారు కానీ తిరిగి తెరిచి చూడరు, నాకు అన్నిటికంటే భయం అక్కడే.

పాలసీ కాగితంలో మొత్తం కవరేజీ అంకె చూసి ఊరుకోవద్దు. సబ్‌లిమిట్లు, అంటే ఒక్కో రకం నష్టానికి విడిగా పెట్టిన పరిమితులు చూడండి. సరఫరాదారు పేరుతో దొంగ ఈమెయిల్ వచ్చి, ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటే నమ్మి డబ్బు పంపేసే మోసానికి చాలా పాలసీల్లో మొత్తం కవరేజీలో చిన్న భాగమే వర్తిస్తుంది. డబ్బు పంపే ముందు ఫోన్ చేసి నిర్ధారించుకున్నారా అనే షరతు కూడా ఉండొచ్చు. ఆ ఫోన్ ఈమెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, మీ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న నంబరుకు చేయాలి.

వ్యాపారం ఆగిన నష్టానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 8 గంటలో 12 గంటలో దాటాకే లెక్క మొదలవుతుంది. ఒక రోజు బిల్లింగ్ ఆగితే మీకెంత పోతుందో లెక్క వేసుకుని, ఆ గడువు మీకు సరిపోతుందో లేదో చూడండి. దాడి లేకుండానే సిస్టమ్స్ పడిపోతే కవరేజీ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. 2024 జూలై 19న సైబర్ భద్రత కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. అందులో హ్యాకర్ ఎవరూ లేరు. దాడులకు మాత్రమే వర్తించే పాలసీ అలాంటి రోజున మీకు అక్కరకు రాదు.

రెట్రోయాక్టివ్ డేట్, అంటే ఏ తేదీ తర్వాత మొదలైన చొరబాట్లకే పాలసీ వర్తిస్తుందో ఆ తేదీ కూడా చూడండి. దొంగలు వారాలు, నెలలు లోపల నక్కి ఉండి తర్వాత దెబ్బ కొడతారు. వాళ్లు దూరింది ఆ తేదీకి ముందని తేలితే క్లెయిమ్‌కు ఇబ్బంది.

యుద్ధ మినహాయింపును, అంటే యుద్ధ చర్యల నష్టానికి డబ్బు ఇవ్వమనే షరతును నిదానంగా చదవండి. నాట్‌పెట్యాతో నష్టపోయిన మెర్క్ మందుల కంపెనీ సుమారు 140 కోట్ల డాలర్ల క్లెయిమ్ వేస్తే, బీమా సంస్థలు ఇది యుద్ధ చర్య అన్నాయి. న్యూజెర్సీ కోర్టులు 2022లో, మళ్లీ అప్పీలులో 2023లో మెర్క్ వైపే తీర్పిచ్చాయి, 2024 మొదట్లో రాజీ కుదిరింది. ఈలోగా లండన్‌లోని బీమా మార్కెట్ లాయిడ్స్ 2023 మార్చి 31 నుంచి ప్రభుత్వాల అండతో జరిగే దాడులపై సైబర్ పాలసీల్లో స్పష్టమైన మినహాయింపు ఉండాలంది. మీ పాలసీలో ఆ వాక్యం ఎలా ఉందో, దాడి వెనక ఎవరున్నారో తేల్చేదెవరో బ్రోకర్‌ను అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

ఇక తొలి గంటలు. పాలసీ నంబరు, బీమా కంపెనీ 24 గంటల హాట్‌లైన్, ఐటీ మనిషి సొంత ఫోన్ నంబరు, లాయర్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరు ముగ్గురి ఇళ్లలో ఉంచండి. సర్వర్లు లాక్ అయ్యాక సర్వర్‌లో ఉన్న పీడీఎఫ్ మీకు తెరుచుకోదు. అసలు పాలసీ కాపీని షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టనే వద్దు. మీకెంత కవరేజీ ఉందో తెలిస్తే దొంగలు సరిగ్గా అంతే అడుగుతారు. హార్డ్‌బిట్ అనే ముఠా అయితే బాధితులను బీమా వివరాలు చెప్పమని నేరుగా అడిగింది.

సోకిన కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయండి, నిపుణులు చెప్పేదాకా ఫార్మాట్ మాత్రం చేయకండి. కంగారులో తుడిచేస్తే ఆధారాలూ పోతాయి, క్లెయిమూ బలహీనపడుతుంది. దాడి ఎలా జరిగిందో ఆధారాలతో తేల్చే ఫోరెన్సిక్ నిపుణులను, లాయర్లను బీమా కంపెనీ జాబితా నుంచే తీసుకోవాలని చాలా పాలసీల్లో ఉంటుంది. మీకు తెలిసిన మనిషినే పెట్టుకోవాలంటే ఇప్పుడే అనుమతి అడగండి. రాన్సమ్, అంటే దొంగలు అడిగే డబ్బు సంగతి కూడా అంతే, బీమా కంపెనీ రాత అనుమతి లేకుండా దొంగలకు పైసా పంపకండి. ఆ ముఠా మీద ప్రభుత్వ ఆంక్షలుంటే చెల్లించడం నేరం కూడా కావచ్చు. ప్రభుత్వానికి తెలియజేసే గడువులూ ముందే రాసిపెట్టుకోండి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం 72 గంటలు, భారత్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం 6 గంటలే.

చివరి పనిదినాన పెండింగ్ అప్‌డేట్లన్నీ వేసి, ఆ సెలవు రోజులన్నీ అలర్ట్‌లు ఎవరి ఫోన్‌కు వస్తాయో, ఆ మనిషి ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలో ఇద్దరి పేర్లు తేల్చి, వాళ్లతో ఒకసారి హాట్‌లైన్ నంబరుకు డయల్ చేయించి చూడండి.