సోమవారం కాఫీ దిగేలోగా ఒక పాత వస్తువును చదవడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం, జయపురం వంటి ఊళ్ళలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో, అటక మీదనో మంచం కిందనో ఒక పాత ట్రంకు పెట్టె ఉండడం మామూలే. అందులో చెల్లని నాణేలు, పసుపు పచ్చబడిన ఉత్తరాలు, తాతగారి దస్తావేజులు, కళాయి పోయిన ఇత్తడి ఫిల్టరు, ఎందుకు దాచారో ఎవరికీ గుర్తులేని గవ్వలు ఉంటాయి. పండుగకు ఇల్లు సర్దినప్పుడు అవి ఒకసారి బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోతాయి. వారానికి ఒక్క వస్తువు చొప్పున, సోమవారం ఉదయం కాఫీ తయారయ్యే సమయంలోనే వాటిని పరిశీలించి, ఒక చిన్న చరిత్ర విశేషాన్ని నిర్ధారించుకోవడానికి అనువైన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి అరగంట చాలు. వస్తువును ముందు చూడాలి, కథను తరువాత వినాలి అన్న ఒక్క నియమాన్ని మాత్రం సడలించకూడదు.

ఆదివారం రాత్రి

పెట్టెలోంచి ఒకే ఒక వస్తువును తీసి, తెల్లని నూలు గుడ్డ మీద పెట్టి ఉంచండి. నాలుగైదు తీస్తే దేనినీ సరిగా చూడరు, పైగా సోమవారం నాడు ఆఫీసుకు ఆలస్యమవుతుంది. పక్కన ఒక భూతద్దం, చిన్న అయస్కాంతం, వంటింటి తూకం యంత్రం, పెన్సిలు, నోటు పుస్తకం సిద్ధం చేయండి. పెన్సిలే ఎందుకంటే, పాత కాగితం పక్కన సిరా పెన్ను ఉంచడం ఎప్పటికైనా ప్రమాదమే. ఫిల్టరును కడిగి, చిల్లులలో పాత పొడి లేకుండా చూసి, బోర్లించి ఆరబెట్టండి. లోపలి కళాయి ఊడిన ఇత్తడి ఫిల్టరు ఎంత అందంగా ఉన్నా, దానిని చూసుకోవడానికే వాడాలి. కాఫీ మాత్రం స్టీలు ఫిల్టరులోనే వేయాలి.

కాఫీ

ఈ ప్రాంతంలో ఉంటూ కాఫీపొడిని ఎక్కడి నుంచో తెప్పించుకోవలసిన పని లేదు. 1930 ప్రాంతంలో జయపురం మహారాజు చొరవతో కొరాపుట్ కొండల్లో కాఫీ సాగు మొదలైంది. ఇప్పుడు ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ గిరిజన రైతుల గింజలను కొని కొరాపుట్ కాఫీ పేరుతో అమ్ముతున్నది. కొండకు ఆవలి వైపున ఉన్న అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది, ఆ గుర్తింపు పరిధిలో ఒడిశా వైపు కొండలు కూడా ఉన్నాయి. కాఫీ మొక్కకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కనుక ఇది న్యాయమైన ఏర్పాటే.

పొడి కొనేటప్పుడు పొట్లం మీద చికోరీ శాతాన్ని చదవండి. మన నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, అంటే మిగిలిన 49 శాతం వరకు వేయించిన చికోరీ దుంప కావచ్చు. చికోరీ వల్ల రంగు, చిక్కదనం, ఒక విధమైన చేదు వస్తాయి, కాని అందులో కెఫీన్ ఉండదు. దాని అలవాటు వ్యాపించడం వెనుక కూడా చరిత్ర ఉంది. 1806లో నెపోలియన్ బ్రిటన్ సరుకును యూరప్‌లోకి రాకుండా అడ్డుకున్నప్పుడు, కాఫీ కరవైన ఫ్రాన్స్‌లో చికోరీ వాడకం బాగా పెరిగింది. ఆనాడు గత్యంతరం లేక కలిపినదే మనకు రుచిగా మిగిలింది. మొదటి రెండు వారాలు చికోరీ లేని పొడితో చేసి, ఆ తరువాత మీ నాలుకకు కావాలనిపిస్తే 20 శాతం కలిసిన పొడికి మారవచ్చు.

మూడు చిన్న గ్లాసుల కాఫీకి 23 గ్రాముల పొడి తీసుకోండి. ఈ అంకెను గుర్తుంచుకోండి, నాణేల దగ్గర మళ్ళీ వస్తుంది. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న చిల్లుల బిళ్ళతో తేలికగా అదమండి. గట్టిగా అదిమితే నీరు దిగదు, అసలు అదమకపోతే నీరు పొడిని తడిపీ తడపకుండానే జారిపోయి, డికాక్షను పలుచనవుతుంది. మరిగిన నీటిని అర నిమిషం ఆగి, ఒక పెద్ద గ్లాసెడు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లు, ముందు కొద్దిగా పోసి పొడి తడిసి పొంగనిచ్చి, ఆ తరువాత మిగిలినది నెమ్మదిగా పోయండి. మూత పెట్టండి. డికాక్షను దిగడానికి 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది, ఆ వ్యవధి అంతా వస్తువుదే.

డికాక్షను దిగేలోగా

చేతులు కడిగి పూర్తిగా తుడుచుకున్న తరువాతనే వస్తువును పట్టుకోండి. నాణేన్ని అంచుల దగ్గర పట్టాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు. అది ఏమిటో ఇంట్లో ఎవరు ఏం చెప్పినా, మొదటి ఐదు నిమిషాలు మీ కంటికి కనబడినది మాత్రమే పుస్తకంలో రాయండి: లోహం రంగు, అంకెలు, లిపి, బొమ్మ, అరుగుదల.

వెండి రూపాయి దొరికితే దానిని తూచండి. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. తులం అన్న కొలతకు కూడా ఇదే బరువు. మన పెద్దవాళ్ళు పసుపో కరక్కాయో "రూపాయెత్తు" తీసుకోమని చెప్పినప్పుడు అది మాట వరసకు అన్నది కాదు, తక్కెడలో రూపాయినే రాయిగా వేసి తూచేవారు. ఇప్పుడు నగల దుకాణంలో తులాన్ని 10 గ్రాములుగా లెక్కిస్తున్నారు కనుక, అమ్మమ్మ తులానికీ మన తులానికీ గ్రామున్నరకు పైగా తేడా ఉన్నది. పైన చెప్పిన 23 గ్రాముల కాఫీపొడి రెండు రూపాయల ఎత్తు, తూకం యంత్రం లేనివారు ఈ విధంగానూ తూచుకోవచ్చు, కాని నాణెం పొడికి తగలకుండా చూడాలి.

తరువాత అయస్కాంతం. 1940లో రూపాయిలోని వెండిని సగానికి తగ్గించారు, 1947 రూపాయిని నికెల్‌తో ముద్రించారు. నికెల్ అయస్కాంతానికి అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. 1900 నాటిదని చెబుతున్న వెండి రూపాయి అయస్కాంతాన్ని పట్టుకుంటే, ఆ సంభాషణ అక్కడితో ముగిసినట్టే. విక్టోరియా రూపాయి మీద రాణి అని ఉన్నదో, చక్రవర్తిని అన్న అర్థం గల మాట ఉన్నదో కూడా చూడండి, రెండవది 1877 నుంచి మాత్రమే వచ్చింది. నడుమ గుండ్రని రంధ్రం ఉన్న రాగి రంగు నాణెం అయితే అది 1943 నుంచి 1947 వరకు ముద్రించినది, మనవాళ్ళు చిల్లు కాణీ అన్నది దానినే.

ఉత్తరం దొరికితే, మన ప్రాంతంలో దాని వయసు కట్టడం మరింత ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఇళ్ళు కదలకుండానే చిరునామాలు మారాయి. పర్లాకిమిడి 1936 మార్చి వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఒడిశాకు వచ్చింది, 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా ఏర్పడడంతో జిల్లా పేరు కూడా మారింది. కనుక కవరు మీద "గంజాం జిల్లా, మద్రాసు" అని ఉంటే ఒక కాలం, "గంజాం జిల్లా, ఒరిస్సా" అని ఉంటే మరొక కాలం. ఒరిస్సా అన్న పేరు అధికారికంగా ఒడిశాగా మారింది 2011లో. ఆరంకెల పిన్ కోడు ఉంటే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. బిళ్ళ మీద జైహింద్ అని, మన జెండా ఉంటే అది 1947 నవంబరు 21న వెలువడిన స్వతంత్ర భారతపు తొలి తపాలా బిళ్ళ కావచ్చు, దాని వెల మూడున్నర అణాలు. అయితే చిరునామా రాసినవారు పాత అలవాటు కొద్దీ పాత జిల్లా పేరే రాసి ఉండవచ్చు కనుక, చిరునామా కంటె తపాలా ముద్రలోని తేదీకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

గవ్వల సంగతి చాలామంది పట్టించుకోరు. "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని రోజూ అంటూ, గవ్వ ఒకప్పుడు నిజంగానే డబ్బు అని మరిచిపోతాము. మాల్దీవుల నుంచి వచ్చిన గవ్వలు ఒడిశాలో పంతొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్ళ వరకు చిల్లరగా చెలామణీ అయ్యాయి. కంపెనీ ప్రభుత్వం శిస్తును వెండిలో కట్టమని పట్టుబట్టడం 1817లో ఖుర్దాలో పాయికులనే స్థానిక సైనికులు లేవదీసిన పాయికా తిరుగుబాటుకు కారణాలలో ఒకటి. మీ పెట్టెలోని గవ్వలు డబ్బుగా దాచినవో, పిల్లల అష్టాచెమ్మా కోసం ఉంచినవో చెప్పడం తరచుగా సాధ్యం కాదు, వీపు భాగం చెక్కి చిల్లు చేసి ఉంటే తాడుకు గుచ్చి ఉండవచ్చునని మాత్రం అనుకోవచ్చు.

విశేషాన్ని నిలబెట్టి చూడడం

డికాక్షను దిగింది. అప్పుడే కాగిన పాలు మూడు వంతులకు డికాక్షను ఒక వంతు కలిపి, చక్కెర మీ ఇష్టం మేరకు వేసుకోండి. డికాక్షను కలిపిన తరువాత మళ్ళీ పొయ్యి మీద పెట్టవద్దు, వాసన పోయి చేదు మిగులుతుంది. వస్తువును బల్లకు అవతలి చివరకు జరిపి, గ్లాసును మీ వైపు ఉంచుకొని, రాసుకున్న వివరాలకు ఒక చరిత్ర విశేషాన్ని జత చేయండి.

ఇక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ విశేషానికి ఆ కాలపు కాగితం కాని, వస్తువు కాని ఆధారంగా ఉన్నదా? ఉదాహరణకు ఇథియోపియాలో మేకలు కాఫీ పండ్లు తిని గంతులు వేయగా కాపరి కాఫీని కనిపెట్టాడన్న కథ మొదటిసారిగా అచ్చులో కనబడినది 1671లో, అంటే అప్పటికే అరబ్బు దేశాలలో కాఫీ తాగడం పాతబడిపోయింది. కథగా చెప్పుకోవచ్చు, చరిత్రగా కాదు. బాబా బుడన్ యెమెన్‌లోని మోకా నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్నది కూడా సంప్రదాయంగా వస్తున్న మాటే. దీనికి భిన్నంగా, ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ 1675 డిసెంబరు 29న కాఫీ హోటళ్ళను మూయించమని ఇచ్చిన ప్రకటన నిజంగా ఉన్నది. జనం గోల పెట్టడంతో అది అమలులోకి రాకముందే, జనవరి మొదట్లోనే వెనక్కి తీసుకున్నాడు.

మనవైపు ఎక్కువగా తిరిగే అబద్ధం మరొకటి ఉంది. రాముడు, సీత, లక్ష్మణుల బొమ్మతో, 1818 అన్న అంకెతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో ఉన్న బిళ్ళలు లక్షలు పలుకుతాయని ఫోనులో సందేశాలు వస్తూ ఉంటాయి. అవి కంపెనీ ముద్రించిన నాణేలు కావు, గుళ్ళ దగ్గర జ్ఞాపకంగా అమ్మిన బిళ్ళలు. పూజలో ఉంచుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. పాత నాణేలు కొంటామని చెప్పి ముందుగా రుసుము అడిగేవారి విషయంలో రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రజలను హెచ్చరించింది, ఆ బ్యాంకు అలాంటి క్రయవిక్రయాలు చేయదు.

పెట్టెలో పనికివచ్చే వస్తువు లేని వారం తేదీని పట్టుకొని వెతకవచ్చు. ఏప్రిల్ 1ని తీసుకోండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ పర్లాకిమిడి చిన్న రైలుమార్గంలో రాకపోకలు మొదలైనది 1900 ఏప్రిల్ 1న, రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచిన ఆ బండి 1931 నాటికి గుణుపురం వరకు వెళ్ళింది. రిజర్వు బ్యాంకు పని ప్రారంభించినది 1935లో అదే రోజున, ఒడిశా ఏర్పడినది 1936లో అదే రోజున, నయాపైసలు వచ్చినది 1957లో అదే రోజున. ప్రభుత్వపు లెక్కల సంవత్సరం ఆ రోజుతోనే మొదలవుతుందని గుర్తుచేసుకుంటే ఈ కలయిక అంత వింతగా తోచదు. 1957లో ఆ రోజు సోమవారం. పదహారణాల రూపాయి ఆ ఉదయం వంద నయాపైసలయింది, అణా ఆరుంపావు పైసలకు సమానమైనా మార్పిడి పట్టికలో దానిని ఆరుగా, బేడను, అంటే రెండణాలను, పన్నెండుగా, మూడణాలను పంతొమ్మిదిగా చూపారు. బేడకు కాఫీ తాగినవారికి హోటలు గల్లా దగ్గర ఆ అర పైస ఎవరికి చెందిందన్న తగాదా వచ్చే ఉంటుంది. పాతకాలపు పెద్దలు ఇంట్లో ఉంటే, కాఫీ అందిస్తూ ఈ ప్రశ్న అడిగి చూడండి, ఏ పుస్తకమూ ఇవ్వని సమాధానాలు వస్తాయి.

తోమకూడదు

ఇత్తడి చెంబును చింతపండుతో తోమి మెరిపించడం మనకు చిన్నప్పటి నుంచి వచ్చిన అలవాటు, నాణేల విషయంలో అదే శత్రువు. నాకు పదహారేళ్ళప్పుడు తాతగారి రూపాయిని చింతపండుతో, ముగ్గుపిండితో రుద్ది అద్దంలా చేశాను. తరువాత బరంపురంలో నాణేలు తెలిసిన ఒక పెద్దాయన దానిని దూరం నుంచే చూసి, "తోమేశారా బాబూ" అని చేతిలోకి కూడా తీసుకోలేదు. వందేళ్ళలో పట్టిన నల్లదనం ఒక్కసారి పోతే మళ్ళీ రాదు. మన్ను అంటుకొని ఉంటే స్వచ్ఛమైన నీటిలో నానబెట్టి, రుద్దకుండా గుడ్డ మీద ఆరనివ్వండి. ఉత్తరాలకు, తాళపత్రాలకు నీరు, నూనె ఏదీ తగలనివ్వవద్దు, ప్లాస్టిక్ సంచిలో కాక మందపాటి కాగితపు కవరులో ఉంచండి, ఉత్తరం అయితే మడత విప్పి పెట్టండి. వందేళ్ళు దాటిన వస్తువులు, 75 ఏళ్ళు దాటిన చేతిరాత ప్రతులలో చారిత్రక విలువ గలవి 1972 నాటి చట్టం కింద పురావస్తువులు, వాటిని ప్రయివేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పొలం దున్నుతుంటే నాణేల కుండ బయటపడితే అది పెట్టెలో దాచుకునే సంగతి కాదు, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

ఆఫీసుకు బయలుదేరే ముందు

పుస్తకంలో మూడు వరుసలు చాలు: వస్తువు ఏమిటి, ఏ ఆధారంతో ఏ కాలానిదని అనుకున్నారు, ఇంకా తేలనిది ఏమిటి. వస్తువును నూలు గుడ్డలో చుట్టి, చుట్టు మీద పెన్సిలుతో ఆ పేజీ సంఖ్య రాయండి. ఫిల్టరులో మిగిలిన పిప్పిని చల్లారిన తరువాత కరివేపాకు మొక్క మొదట్లో పలుచగా చల్లండి. మర్నాటికి కూడా డికాక్షను కావాలంటే అదే పిప్పి మీద రెండోసారి నీరు పోసేవారు ఉన్నారు, మా ఇంట్లో ఆ నీళ్ళకు కాఫీ అన్న పేరు పెట్టము.