ఆటిజం ఉన్న పిల్లలకు కరాటే నేర్పడం ఎలా?

కటా అంటే కరాటేలో ఒంటరిగా చేసే కదలికల వరుస. అందులో ఏ అడుగు ఎటు పడాలో, ఏ చెయ్యి ఎప్పుడు లేవాలో, ఎక్కడ తిరగాలో, ఎక్కడ ఆగాలో అంతా ముందే ఖాయమై ఉంటుంది. ఎన్నిసార్లు చేసినా అదే వరుస. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోతే కంగారుపడే పిల్లలకు ఇంతకంటే అనువైన పాఠం దొరకడం కష్టం. 2012లో వెలువడిన ఒక ఇరాన్ అధ్యయనంలో ఆటిజం ఉన్న 30 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 14 వారాల పాటు కటా నేర్పారు. ఒకే కదలికను పదేపదే చేసే అలవాటు ఆ జట్టులో తగ్గింది. అధ్యయనం చిన్నది కాబట్టి దీన్ని వైద్యంగా ప్రచారం చేయకండి. పిల్లవాడు చేతులు ఆడిస్తూ నిలబడితే నిలబడనివ్వండి. అది మాన్పించడం కరాటే మాస్టర్ పని కాదు.

1. చేర్చుకునే ముందు

తల్లిదండ్రులతో అరగంట కూర్చోండి. మూర్ఛ వస్తుందా? కీళ్లు మరీ వదులుగా ఉన్నాయా? ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు? మాట రాకపోతే కావలసింది ఎలా అడుగుతాడు? తలుపు తెరిచి ఉంటే బయటికి పరిగెడతాడా? ఇవన్నీ రాసుకోండి. డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటే మెడలోని పై రెండు ఎముకల మధ్య పట్టు సరిగా ఉండకపోవచ్చు. డాక్టరు సరేననే దాకా పల్టీలు, పడటం ప్రాక్టీసు చేయించకూడదు.

క్లాసు మొదలయ్యే ముందే ఒకరోజు ఖాళీ హాలు చూపించండి. పది నిమిషాలు చాలు.

2. హాలు, బట్టలు

మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు మార్చండి. ప్రతి పిల్లవాడు నిలబడే చోట మాట్ మీద రంగు టేపుతో రెండు పాదాల గుర్తు వేయండి. "వరుసలో నిలబడు" అంటే ఎక్కడ నిలబడాలో తెలియని పిల్లవాడికి ఆ గుర్తే సమాధానం. ఒక మూల దిండు వేసి, ఎప్పుడైనా వెళ్లి కూర్చోవచ్చని మొదటి రోజే చూపించండి.

కొత్త కరాటే డ్రెస్సు గరుకుగా ఉంటుంది. నాలుగైదు సార్లు ఉతికి, మెడ దగ్గరి లేబుల్ కత్తిరించి, లోపల మెత్తటి బనియన్ వేయాలి. అయినా ఒప్పుకోకపోతే మొదటి నెల టీషర్టుతోనే కానివ్వండి.

3. అరగంట పాఠం, ఐదు బొమ్మలు

వంగి నమస్కారం 1 నిమిషం, వార్మప్ 5, కటా 10, ప్యాడ్ మీద పంచ్‌లు, కిక్‌లు 8, ఊపిరి తీసుకుంటూ ముగింపు 6. ఒక్కోదానికి ఒక బొమ్మ గీసి గోడకు అంటించండి. ఒక పని అయ్యాక దాని బొమ్మను పిల్లవాడే తీసి డబ్బాలో వేయాలి. టైమ్‌కు అలారం వద్దు, ఇసుక గడియారం పెట్టండి. నలుగురు పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి.

4. చెప్పే తీరు

మాస్టర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. "ఎడమ కాలు ముందుకు" అని ఒక్కసారి చెప్పి, మనసులో పది లెక్కపెట్టండి. వినపడలేదేమో అనుకుని మూడో సెకనులోనే వేరే మాటల్లో మళ్లీ చెబితే, పిల్లవాడు మొదటి మాటను వదిలేసి రెండోదాన్ని మొదటి నుంచి అర్థం చేసుకోవాల్సి వస్తుంది. "పరిగెత్తొద్దు" కంటే "నడువు" నయం. "ఒళ్లు దగ్గర పెట్టుకో" లాంటి నుడికారాలు అసలు వద్దు. ఒళ్లు తన దగ్గరే ఉంది కదా అనుకుంటాడు.

ఎదురుగా నిలబడి చూపిస్తే ఎడమ కుడి తారుమారవుతాయి. పిల్లలకు వీపు చూపించి చేయండి. వాళ్ల ఎడమ మణికట్టుకు ఎర్ర బ్యాండు, కుడికి నీలం బ్యాండు కట్టి, మీరూ అలాగే కట్టుకుంటే "ఎర్ర చెయ్యి పైకి" అంటే సరిపోతుంది.

షోటోకాన్ అనే కరాటే పద్ధతిలో మొదటి కటా అయిన హెయాన్ షోదాన్‌లో 21 కదలికలు. రెండేసి చొప్పున నేర్పండి. వరుసగా మూడు క్లాసుల్లో సాయం లేకుండా చేస్తేనే తర్వాతి రెండు. అందులో రెండు చోట్ల వచ్చే కియాయ్ అరుపును మొదట గుసగుసగా చేయించండి. ఎనిమిది మంది ఒక్కసారిగా అరిస్తే అంతదాకా పడ్డ శ్రమ వృథా కావచ్చు.

భంగిమ సరిచేయాలంటే "చెయ్యి పట్టుకోనా?" అని అడిగాకే ముట్టుకోండి. తేలిగ్గా తాకితే చిరాకుపడే పిల్లలు చాలామంది నిబ్బరంగా పట్టుకుంటే ఊరుకుంటారు.

5. కొట్టేది ప్యాడ్‌నే

ఎప్పుడూ ఒకే రంగు ప్యాడ్ వాడండి. ప్యాడ్ పైకి లేస్తే కొట్టాలి, కిందికి దిగితే చేతులు కిందికి. మొదటి నాలుగు క్లాసుల్లో కొట్టడం కంటే ఆగడాన్నే ఎక్కువసార్లు చేయించండి. ప్యాడ్‌ను ఛాతీ ముందు పెట్టుకుంటే పిల్లవాడు నేర్చుకునేది మనిషిని కొట్టడం. చేయి చాచి పక్కకు పట్టుకోండి. సరదాకు ప్యాడ్‌తో వాడి భుజం తట్టారంటే నియమం అక్కడితో చెడింది. ఇంట్లో కూడా ప్యాడ్ లేకుండా పంచ్ ప్రాక్టీసు ఉండకూడదని తల్లిదండ్రులకు చెప్పండి. మొదటి ఏడాది స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడటం) వద్దనే మా సలహా.

6. మెల్ట్‌డౌన్ వస్తే

మెల్ట్‌డౌన్ అంటే శబ్దం, వెలుతురు, ఒత్తిడి లాంటివి భరించలేక పిల్లవాడు అదుపు తప్పడం. చెవులు మూసుకోవడం, ఒకే మాట పదేపదే అనడం, మాట్ అంచుకు జరిగిపోవడం లాంటివి ముందే కనిపిస్తాయి. అప్పుడే మూలకు పంపితే చాలాసార్లు అక్కడితో సర్దుకుంటుంది. వచ్చేసిందంటే మాట్లాడటం ఆపండి, లైట్లు తగ్గించండి, మిగతా పిల్లల్ని దూరం జరపండి. ప్రమాదం ఉంటే తప్ప పట్టుకోకండి. ఇది మొండితనం కాదు, భరించలేకపోవడం. పుషప్స్ శిక్ష వేస్తే మర్నాడు వాడు గుమ్మం కూడా ఎక్కడు. తేరుకున్నాక బాగా వచ్చిన ఒక్క కదలిక చేయించి, నమస్కారంతో పంపండి.

7. బెల్టులు, మార్పులు

బెల్టు పరీక్ష అదే హాలులో, అదే మాస్టర్ ముందు, అదే వరుసలో జరగాలి. బెల్టుకూ బెల్టుకూ మధ్య నెలలు పడుతుంది కాబట్టి, నాలుగు కదలికలు వచ్చినప్పుడల్లా బెల్టు చివర ఒక టేపు గీత అంటించండి. చప్పట్లకు బదులు చేతులు ఊపితే చాలు.

ఎనిమిది వారాలు గడిచాక ఒక్కో మార్పు తీసుకురావచ్చు. ఆ రోజు బొమ్మల వరుసలో "మార్పు" అనే కార్డు ముందే పెట్టండి. మాస్టర్ మారాల్సి వస్తే, కొత్తాయన కనీసం మూడు క్లాసులకు సహాయకుడిగా వచ్చి ప్యాడ్ పట్టుకున్నాకే పాఠం చెప్పాలి.