బడి చదువుల మీద పరిశోధన రాయడం - 5వ పాఠం: స్కేల్ స్కోరును ఐదొందలతో భాగించకండి

ఈసారి చెప్పాల్సిన పాఠం వేరు. డిసర్టేషన్ చివర "పరిశోధనలో నా ఎదుగుదల" అని రెండు మూడు పేజీలు అడుగుతున్నారు, అక్కడ ఏం రాయాలో పాలుపోవడం లేదని మీలో చాలామంది అన్నారు, చెబుతానన్నాను. చెబుతాను కూడా. కానీ నాలుగో పాఠం హోంవర్క్ పేజీలు చదివాక, ముందు ఒక లెక్క తేల్చుకోకుండా అక్కడికి పోలేమని అర్థమైంది.

పోయినసారి అడిగింది చిన్న ప్రశ్నే. మూడో తరగతి పిల్లల భాషాస్థాయి 2021 నుంచి 2024కి పెరిగిందా తగ్గిందా, ఒక పేజీలో రాయండి అన్నాను. వచ్చిన పేజీల్లో ఎక్కువ భాగం ఇలా నడిచాయి: న్యాస్ (కేంద్రం బడుల్లో జరిపిన జాతీయ సాధన సర్వే) 2021లో మూడో తరగతి భాషకు జాతీయ సగటు 500కి 323. న్యాస్ స్థానంలో వచ్చిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ 2024లో అదే తరగతికి 64 శాతం. 323ని 500తో భాగిస్తే 64.6. కాబట్టి 0.6 తగ్గింది. గణితంలో 306ని భాగిస్తే 61.2, పరఖ్‌లో 60, కాబట్టి 1.2 తగ్గింది. ఒకరు దీనికి రంగుల గ్రాఫ్ కూడా గీశారు. ఇంకొకరు ఆ తగ్గుదలకు సెల్‌ఫోన్లు, తల్లిదండ్రుల అశ్రద్ధ, హోంవర్క్ ఇవ్వకపోవడం అని మూడు కారణాలు వరసగా రాసేశారు. లేని తగ్గుదలకు మూడు కారణాలు దొరికాయంటే, ఉన్నదానికి ఎన్ని దొరుకుతాయో!

రెండు అంకెలూ దాదాపు కలిసిపోవడమే ఇక్కడ కొంప ముంచింది. 323ని భాగిస్తే ఏ 41 శాతమో వచ్చి ఉంటే ఎక్కడో తేడా కొడుతోందని మీరే ఆగేవారు. 64.6, 64 అని పక్కపక్కన కనిపించేసరికి లెక్క సరిపోయిందనుకున్నారు.

323 అనేది మార్కు కాదు, స్కేల్ స్కోరు. ఇలాంటి పెద్ద సర్వేల్లో పిల్లలందరికీ అవే ప్రశ్నలు పడాలని లేదు, ఒక సెట్టు కాస్త తేలిగ్గా ఉంటుంది, ఇంకోటి కాస్త గట్టిగా ఉంటుంది. తేలిక సెట్టులో 20 సరైన జవాబులూ, గట్టి సెట్టులో 20 సరైన జవాబులూ ఒకటి కావు. అందుకని గణాంకాల వాళ్లు ఒక్కో ప్రశ్న ఎంత కష్టమో పిల్లల జవాబుల నుంచే అంచనా వేసి, ఆ కష్టాన్ని లెక్కలోకి తీసుకుని అందర్నీ ఒకే కొలబద్ద మీదికి తెస్తారు. దీన్నే ఐటెమ్ రెస్పాన్స్ థియరీ అంటారు, దాని లోపలి లెక్కలు మనకు ఇప్పుడు అక్కర్లేదు. మనకు కావాల్సింది ఒక్కటే: ఆ కొలబద్దకు చివర 500 అని పెట్టింది దాన్ని తయారుచేసిన వాళ్లు. 800 పెట్టుకున్నా, 1000 పెట్టుకున్నా పని జరిగేది. ఒంట్లో జ్వరం 102 ఉందంటే దాన్ని దేనితో భాగించి శాతం కడతాం? ఇదీ అంతే. 323 అంటే పిల్లలు 64.6 శాతం ప్రశ్నలకు సరైన జవాబులిచ్చారని ఎంతమాత్రం కాదు. పరఖ్ వాళ్ల 64 మాత్రం సగటున ఎంత శాతం సరైన జవాబులు వచ్చాయన్న లెక్కే. ఈ రెంటి మధ్య తీసివేత వేయడానికి వీల్లేదు.

సరే, కొలమానం సంగతి అలా ఉంచండి, పరీక్షలైనా ఒకటేనా? న్యాస్ 2021 నవంబరు 12న జరిగింది, 3, 5, 8, 10 తరగతులకు. పరఖ్ 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు పెట్టారు. జాతీయ విద్యా విధానం చెప్పిన దశల చివర పిల్లలకు ఏమొచ్చో చూడటం దాని ఉద్దేశం. అందుకే ఆరో తరగతి పిల్లలను పరీక్షించినా చూసింది ఐదు పూర్తయ్యేసరికి రావాల్సినవి వచ్చాయా అని. ఇద్దరు ముగ్గురు 2021 ఐదో తరగతినీ 2024 ఆరో తరగతినీ కలిపి గీత గీశారు. ఆ గీత చెరిపేయండి. పైగా 2021 నవంబరంటే కోవిడ్‌తో నెలల తరబడి మూతపడ్డ బడులు తెరుచుకుని ఎన్నాళ్లో కాలేదు.

అంటే నేనడిగిన ప్రశ్నకు సరైన జవాబు, "ఈ రెండు సర్వేలతో చెప్పలేం, ఎందుకంటే..." అని మొదలవ్వాలి. అలా మొదలుపెట్టిన పేజీలు రెండు వచ్చాయి. అందులో ఒకరు "జవాబు తేలలేదు, మార్కులు తగ్గిస్తారేమో" అని కింద భయంభయంగా రాశారు. అసలు మార్కులు ఉన్నవే ఆ పేజీకి.

ఇంకో గందరగోళం అసర్‌తో. ఇది త్వరగా చెప్పేస్తాను, మూడో పాఠంలో చాలావరకు అయిపోయింది కాబట్టి. అసర్ అనే ఇంటింటి సర్వేను 2005 నుంచి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిస్తోంది. పల్లెల్లో ఇంటికి వెళ్లి, ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివిస్తారు. బడికి రానివాళ్లూ, ఆ వారం డుమ్మా కొట్టినవాళ్లూ ఇంట్లో దొరుకుతారు. న్యాస్, పరఖ్ బడిలో జరుగుతాయి, ఆ రోజు హాజరైన వాళ్లే లెక్క, పట్టణాలూ ఉంటాయి. ఆప్షన్ల ప్రశ్నలు కాబట్టి, నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది. తెలుగు కథ ముందు పెట్టి చదవమంటే కళ్లు మూసుకుని చదివే పిల్లవాడు ఉండడు. "అసర్ ఒకటి చెబుతోంది, న్యాస్ ఇంకోటి చెబుతోంది, ఎవరో ఒకరు అబద్ధం" అని రాసినవారు ఈ పేరా మళ్లీ చదవండి.

ఇక అసలు పాఠం. మీరు పంపిన ఎదుగుదల పేజీల నమూనాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి: "ఈ పరిశోధన ద్వారా నా జ్ఞానం పెరిగినది. నా దృక్పథం విశాలమైనది. విమర్శనాత్మక ఆలోచన అలవడినది." ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది, ఏ టాపిక్‌కైనా సరిపోతుంది. ముందుమాటలో మీ గైడ్ గారికి చెప్పిన కృతజ్ఞతలకూ దీనికీ పెద్ద తేడా లేదు. జ్ఞానం పెరిగిందని మీరు చెబితే ఎవరు నమ్ముతారండీ? మొదట్లో ఏమన్నారో, తర్వాత ఏమన్నారో, మధ్యలో ఏం చూసి మార్చుకున్నారో చూపించండి. నా పద్ధతిలో దీనికి ఒక్క వాక్యం చాలు. మీ డిసర్టేషన్ మొత్తంలో బాగా నలిగిన వాక్యం ఒకటి పట్టుకుని దాని పాత రూపాలన్నీ తేదీలతో సహా బయటికి తీయండి.

పాత చిత్తుప్రతులు లేవు, అదే ఫైలు మీద సేవ్ చేసుకుంటూ పోయాం అంటారా? ఈ రోజు నుంచి ఫైలు పేరులో తేదీ పెట్టడం మొదలుపెట్టండి. యాప్‌లూ గీప్‌లూ నాకు పడవు, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసుకుంటే పనైపోతుంది: రాసిన వాక్యం, దాని ఆధారం, ఎవరెవరు లెక్కలో ఉన్నారు, ఎందుకు మార్చాను. మూడో గడి నింపడం చేతకాని వాక్యాన్ని నేనైతే కొట్టేస్తాను.

ఒక వాక్యం నడక చూద్దాం.

మొదటి రూపం: "ప్రభుత్వ పాఠశాలల్లో విద్యా ప్రమాణాలు రోజురోజుకీ దిగజారుతున్నాయి." ఇది పరిశోధన చేయకముందే అందరికీ నోట్లో ఉండే వాక్యం. ఏ తరగతి, ఏ సబ్జెక్టు, ఎక్కడ, ఎప్పటితో పోలిస్తే, ఏదీ లేదు.

రెండో రూపం: "అసర్ 2022 ప్రకారం ప్రభుత్వ బడుల్లోని మూడో తరగతి పిల్లల్లో 16.3 శాతం మందికే చదవడం వచ్చు." అంకె వచ్చింది, బరువు వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ తప్పు. అసర్ పరికరంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. పిల్లవాడికి ముందు పేరా ఇస్తారు. తడబడకుండా చదివితే కథ, లేకపోతే కిందికి దిగి పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. 16.3 అనేది కథ కూడా చదవగలిగినవాళ్ల లెక్క. పేరా గడగడా చదివేసి, కథలో ఒత్తులూ పొడవు వాక్యాలూ వచ్చేసరికి ఒక్కో అక్షరం కూడబలుక్కున్న పాప కూడా మిగతా 83.7లోనే ఉంటుంది. ఆ పాపకు "చదవడం రాదు" అని రాస్తారా మీరు? అందుకే నేను రిపోర్టు కన్నా ముందు పిల్లల ముందు పెట్టిన ఆ ఒక్క పేజీ చూస్తాను. సారాంశం పేజీ చివరికి చదువుతాను, ఒక్కోసారి చదవను కూడా.

మూడో రూపం: "గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవారు 2018లో 20.9 శాతం, 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం." ఇప్పుడు దిగజారడం ఏమైంది? 2022 దగ్గర ఆగితేనే దిగజారింది. (16.3 నుంచి 23.4కి పెరిగినది 7.1 శాతం పాయింట్లు, 7.1 శాతం కాదు. శాతంలో చెప్పాలంటే సుమారు 44 శాతం పెరుగుదల. ఇది మీకు తెలుసుననుకుంటాను, ముందుకు పోదాం.)

నాలుగో రూపం నాకు బాగా ఇష్టమైనది, ఎందుకంటే ఇక్కడ ఆలోచన పని చేస్తుంది. 2022లో మూడో తరగతిలో ఉన్న బ్యాచ్ ఒకటో తరగతిలో చేరాల్సిన ఏడు 2020-21, బడులు మూతపడ్డ ఏడు. అదే బ్యాచ్ 2024లో ఐదో తరగతిలో ఉంది. ఐదో తరగతి ప్రభుత్వ బడుల అంకెలు చూడండి: 2018లో 44.2, 2022లో 38.5, 2024లో 44.8. అంటే ఒకటో తరగతి గది సరిగా చూడని బ్యాచ్, ఐదుకు వచ్చేసరికి కోవిడ్ ముందు ఐదో తరగతి వాళ్ల దగ్గరికి చేరింది. తరగతిని తరగతితో పోల్చడం మాని బ్యాచ్ వెంట నడిస్తే కథే మారిపోయింది. అయితే పొంగిపోకండి. 6-14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం, 2022లో 72.9, 2024లో 66.8. మధ్యలో ప్రైవేటు నుంచి వచ్చినవాళ్లున్నారు, తిరిగి వెళ్లిపోయినవాళ్లున్నారు. 2022 ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లలూ 2024 ప్రభుత్వ బడిలో ఉన్న పిల్లలూ అచ్చంగా ఒకరే కారు. ఈ మాట కూడా వాక్యం పక్కన ఉండాలి. వాక్యం పొడుగైతే అవనివ్వండి, గైడ్ గారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కారణాల జోలికి ఇంకా వెళ్లలేదు, గమనించారా? అసర్ పట్టిక కారణం చెప్పదు. ప్రైవేటులో చేరినందువల్లే పిల్లలు బాగా చదువుతున్నారు అని తేల్చేసిన పేజీలు మూడొచ్చాయి. దాన్ని తేల్చడానికి మన ఆంధ్రప్రదేశ్‌లోనే, విభజనకు ముందు, పల్లెల్లో లాటరీ వేసి కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడి ఖర్చు పెట్టి చదివించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఆ ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తేడా రాలేదు. హిందీలో మాత్రం తగిలినవాళ్లు ముందున్నారు. ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు బాగా తక్కువ. ఎవరి వాదానికీ పూర్తిగా లొంగని ఫలితం ఇది. ఆ మూడు పేజీల వాళ్లు దీన్ని చదివి, మీ వాక్యం ఎలా మారుతుందో రాసి పంపండి. ఎదుగుదల పేజీకి సరుకు అక్కడే ఉంది.

ఇప్పుడు ఎదుగుదల పేరా ఇలా వస్తుంది, నమూనాగా: "మొదటి చిత్తుప్రతిలో ప్రభుత్వ బడుల్లో ప్రమాణాలు దిగజారుతున్నాయని రాశాను. అప్పటికి నా ఆధారం ఒక పత్రికా వార్త. పట్టిక చూశాక ఆ వార్త 2022 దగ్గర ఆగిందని తెలిసింది. తర్వాత రూపంలో అంకెలు చేర్చాను కానీ, కథ చదవలేని వారందరినీ చదవడం రానివారిగా లెక్కగట్టాను, పరికరం చూశాక సరిచేశాను. బ్యాచ్ వెంట నడిచి చూడటం ఆఖర్లో వచ్చింది. బడి మారిన పిల్లల ప్రభావం ఎంతో ఈ అంకెలతో నేను చెప్పలేను. మా మండలం గురించి కూడా దీని ఆధారంగా ఏమీ చెప్పలేను." పొగడ్త లేదు, విశాల దృక్పథం లేదు. వైవాలో ఎవరైనా ప్రశ్న వేస్తే ప్రతి వాక్యం వెనకా ఒక పేజీ తీసి చూపించగలరు. మొదటి రూపం సిగ్గుచేటుగా ఉందని దాచేయకండి, అది లేకపోతే మిగతాది చదివేవాళ్లకు ఏమీ అర్థం కాదు.

అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నాను, ఆదివారం మొత్తం పోతుంది. నాలుగో పాఠానికి మీరు పంపిన పేజీని ప్రింట్ తీసుకోండి. అందులో ప్రతి అంకె చుట్టూ సున్నా చుట్టి, పక్కన చేత్తో నాలుగు విషయాలు రాయండి: ఏ సర్వే, ఏ రోజు లేదా ఏ ఏడు, ఎవరు లెక్కలో ఉన్నారు, ఏ పని చేయగలిగితే ఆ లెక్కలోకి వస్తారు. నాలుగూ రాయలేని అంకెను కొట్టేయండి. తర్వాత మీ రాష్ట్రం అసర్ పేజీ, ఆంధ్రప్రదేశ్ అయినా తెలంగాణ అయినా, తీసుకుని చదవడం పట్టికలో ఒక్క వరుస మీద నాలుగు రూపాల వాక్యం కట్టండి. నాలుగో రూపంలో బ్యాచ్ వెంట నడవడం తప్పనిసరి. ఓపిక ఉన్నవాళ్లు అసర్ తెలుగు చదివే పేజీని ఒక మూడో తరగతి పాప చేత, అమ్మానాన్నల అనుమతి అడిగి, చదివించి చూడండి. పేరు రాయొద్దు, బడి రాయొద్దు, ఎక్కడ తడబడిందో మాత్రం రాయండి. చివర 200 పదాల్లో ఎదుగుదల పేరా. 

వచ్చే పాఠం యూడైస్ మీద, అంటే ప్రభుత్వం బడుల వివరాలు సేకరించే డేటాబేస్ మీద. ఒకే బడిలో పిల్లల సంఖ్య రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంటుందో చూద్దాం. ఫొటోలు తీసి పంపేవాళ్లు పేజీ నిలువుగా ఉండేలా పంపండి, పోయినసారి సగం మందివి మెడ వంచుకుని చదివాను.