ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ: మీ కుక్క బుర్రలో ఏముందో తెలుసుకోవడం ఎలా?

బెంగళూరులో కుక్కను పెంచుకునే తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే, అది మారతహళ్లి అపార్ట్‌మెంట్ లిఫ్టులోనైనా, కబ్బన్ పార్కు గేటు దగ్గరైనా, రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "మావాడికి అన్నీ అర్థమవుతాయండీ, మాటొక్కటే రాదు." రెండోది, "నిన్న ఆఫీసు నుంచి లేటుగా వచ్చానని కోపంతో సోఫా చింపేశాడు." మొదటిది చాలావరకు నిజం. చిక్కంతా రెండోదానితోనే. కుక్కకు తెలివి ఉంది, జ్ఞాపకం ఉంది, మనిషి ముఖం చూసి పసిగట్టే నేర్పు ఉంది. కానీ ‘వీళ్లకు బుద్ధి చెప్పాలి’ అని అది పథకం వేస్తుందనడానికి ఆధారం లేదు. పగ, సిగ్గు, మొండితనం అని మనం పేర్లు పెట్టే పనుల వెనుక చాలాసార్లు అంతకన్నా మామూలు కారణం ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఇలా చేయండి.

1. ముందు ఏమైంది, తర్వాత ఏమైంది?

ఓ వారం రోజులు చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కుక్క మీకు నచ్చని పని చేసిన ప్రతిసారీ రెండే రెండు సంగతులు రాయండి: దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది, వెంటనే తర్వాత ఏం జరిగింది. ‘ఎందుకు చేసింది’ అని మాత్రం రాయొద్దు. రాస్తే అక్కడ మన కథే వస్తుంది.

కాలింగ్ బెల్ సంగతే తీసుకోండి. బెల్ మోగింది, కుక్క గొంతు చించుకుంది, డెలివరీ అబ్బాయి ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోయాడు. మనకు అదొక పార్శిల్. కుక్క వైపు నుంచి చూస్తే ఎవరో కొత్త మనిషి గుమ్మం దాకా వచ్చాడు, తను అరిచింది, అతను వెళ్లిపోయాడు. ఎప్పుడు అరిచినా ఇదే ఫలితం. రోజూ కూరగాయలు, టిఫిన్లు, బట్టలు గుమ్మానికే తెప్పించుకునే మన ఇళ్లలో ఈ పాఠం ఎంత బలంగా నాటుకుంటుందో చూడండి. ఆ సమయంలో "ఏయ్, నోర్ముయ్!" అని మనమూ కేకలేస్తే, ఇంటిల్లిపాదీ కలిసి తరిమామని అది అనుకున్నా అనుకోవచ్చు. దీనికి మందు తిట్టడం కాదు, వేరే పని నేర్పడం. బెల్ మోగగానే హాల్లో ఒక మూల పరిచిన చాప మీదికి వెళ్తే తినడానికి ఏదో దొరుకుతుందని అలవాటు చేయండి. నిజం పార్శిల్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఇంట్లో పిల్లల చేత బెల్ కొట్టించి సాధన చేయించవచ్చు. వాళ్లకూ సరదా.

మీరు ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకోగానే కుక్క డీలా పడిపోవడం కూడా ఇలాంటిదే. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ జీర్ణక్రియ మీద పనికి 1904లో నోబెల్ అందుకున్నారు. తిండి నోట్లో పడకముందే, దాన్ని తెచ్చే మనిషి అలికిడికే కుక్కకు లాలాజలం ఊరుతోందని ఆయన గమనించారు. ఏ గుర్తు దేనికి ముందు వస్తుందో కుక్క అంత బాగా పట్టేస్తుంది. అందుకని అప్పుడప్పుడు బ్యాగు భుజాన వేసుకుని ఎక్కడికీ వెళ్లకుండా సోఫాలో కూర్చోండి. బండి తాళాలు గలగలలాడించి వంటింట్లోకి వెళ్లండి. ఆ గుర్తులకు పదును తగ్గుతుంది.

2. తోక ఒక్కటే చూసి మోసపోకండి

తోక ఊపితే సంతోషమని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాం. తోక ఊపడం అంటే ఒంట్లో హుషారో, ఉద్రేకమో ఉందని మాత్రమే. ఒళ్లంతా వదులుగా, నడుము కూడా ఊగుతూ ఉంటే అది సంతోషం. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా నిలిపి కొసను మాత్రం చకచకా ఆడిస్తుంటే, దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది. ఇటలీ పరిశోధకులు 2007లో ఇంకో చిత్రమైన విషయం చెప్పారు. యజమాని కనబడితే తోక కుడివైపు కాస్త ఎక్కువగా ఊగుతుందట, తెలియని, పెత్తనం చెలాయించే కుక్క ఎదురైతే ఎడమవైపు. వీడియో తీసి కొలిస్తేనే తెలిసే తేడా అది. కాబట్టి మీరు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి.

తోక కన్నా చిన్న సంకేతాలే ఎక్కువ చెబుతాయి. తిండి ఏదీ లేకపోయినా మూతి నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, తల పక్కకు తిప్పుకోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం. ఇవి కలిసి కనిపిస్తే ‘నాకు ఇబ్బందిగా ఉంది’ అన్నట్టే. చుట్టాల పిల్లలు మెడ చుట్టూ చేతులేసి ఫొటోకు పోజిస్తున్నప్పుడు కుక్క ముఖం గమనించండి. చాలా ఫొటోల్లో పిల్లలు నవ్వుతుంటారు, కుక్క ఓర్చుకుంటూ ఉంటుంది.

ఇక ఆ ‘తప్పు చేసిన ముఖం’. చింపిన చెప్పు పక్కన తల వంచుకుని, చెవులు వెనక్కి వేసి ఉంటుంది కదా, "చూడండి, తప్పు చేశానని దానికి తెలుసు" అంటాం. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. తినొద్దని చెప్పిన బిస్కెట్ దగ్గర కుక్కను వదిలి యజమానిని గదిలోంచి బయటికి పంపారు. కుక్క నిజంగా తిన్నదా లేదా అన్నదానితో ఆ ముఖానికి సంబంధం కనబడలేదు. యజమాని తిట్టినప్పుడే అది ఎక్కువగా వచ్చింది, ఏ పాపమూ ఎరుగని కుక్కల్లో కూడా. అంటే అది చదువుతున్నది తన నేరాన్ని కాదు, మన కోపాన్ని. గంటల కిందట చింపిన చెప్పు కోసం ఇప్పుడు తిడితే, మీరు ఇంటికి రావడమే భయమని నేర్పినట్టవుతుంది. మాట్లాడకుండా ఊడ్చేయండి. రేపటి నుంచి చెప్పులు స్టాండులో, తలుపు వేసి.

3. దాని ముక్కుతో ఊహించండి

కుక్క ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 20 కోట్లకు పైనే, మన ముక్కులో 50, 60 లక్షలు. వాకింగ్‌కు తీసుకెళ్లి ప్రతి స్తంభం దగ్గరా "పద పద" అని బెల్టు లాగేస్తే నడక జరుగుతుంది కానీ కుక్కకు బయటికి వచ్చిన ఫలితం సగమే. తీరిక ఉన్న పూట దూరం తగ్గించి వాసనలు చూడనివ్వండి. మా వీధిలో కొందరు అడుగులు లెక్కపెట్టే వాచీ కట్టుకుని కుక్కను పరుగెత్తిస్తుంటారు. ఆ వాకింగ్ ఎవరిదో వాళ్లే చెప్పాలి.

అట్లాంటాలోని ఎమొరీ యూనివర్సిటీలో గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కలకు మత్తు ఇవ్వకుండా, ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పింది. ఆ స్థితిలో రకరకాల వాసనలు చూపిస్తే, మంచి జరగబోతోందన్న ఆశకు సంబంధించిన మెదడు భాగం అన్నింటికన్నా ఎక్కువగా స్పందించింది తనకు తెలిసిన మనిషి వాసనకే. అప్పుడు ఆ మనిషి ఎదురుగా లేరు. సంక్రాంతికి కుక్కను తెలిసినవాళ్ల ఇంట్లో వదిలి ఊరెళ్లేవాళ్లు మీరు వాడిన, ఉతకని తువ్వాలు ఒకటి దాని పక్కలో పెట్టి వెళ్లండి.

రంగుల సంగతి క్లుప్తంగా: కుక్కకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ విడిగా తెలియవు. పచ్చగడ్డిలో ఎర్రబంతి విసిరి "కళ్ల ముందే ఉందిగా, మొద్దూ" అనడం అన్యాయం.

4. ఇంటికంతటికీ ఒకే మాట

బెంగళూరు తెలుగిళ్ల అసలు సమస్య ఇక్కడుంది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మమ్మ "కూచో" అంటుంది. స్కూలుకెళ్లే పాప "సిట్" అంటుంది. పనిచేసే ఆమె కన్నడంలో "కూత్కో" అంటుంది. నడిపించడానికి వచ్చే కుర్రాడు హిందీలో "బైఠ్" అంటాడు. నలుగురూ కలిసి చివరికి "మావాడు మొండి" అని తేలుస్తారు.

కుక్కకు భాషలు తేడాగా వినబడతాయి. బుడాపెస్ట్ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో స్పానిష్, హంగేరియన్ మాటలకు కుక్కల మెదడు వేర్వేరుగా స్పందించింది. మాటలు నేర్చుకోవడంలోనూ కొన్ని కుక్కలు మనల్ని నోరెళ్లబెట్టిస్తాయి. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ జాతి కుక్క 1,022 బొమ్మల పేర్లు గుర్తుపట్టేది. దానికి నేర్పిన జాన్ పిల్లీ రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్, ఏళ్ల తరబడి రోజూ గంటల కొద్దీ దాంతో గడిపారు. మన కుక్కకు అంత ఓపికమంతుడు దొరకడు. కాబట్టి ఒక పనికి ఒకే మాట పెట్టి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. పనామెకూ, వాకర్‌కూ చదివి వినిపించండి.

మాటలు ఎంచుకునేటప్పుడు చెవికి దూరదూరంగా వినబడేవి తీసుకోండి. దగ్గరికి పిలవడానికి ఉత్త "రా" పనికిరాదు. ముద్దు చేసేటప్పుడు "ఏంట్రా", "తినరా", "వద్దురా" అని రోజంతా ఆ చప్పుడు వింటూనే ఉంటుంది. "వచ్చేయ్" నయం. కుక్క పేరును తిట్టడానికి వాడకండి, లేకపోతే పేరు పిలవగానే మంచం కిందికి దూరుతుంది.

మాటతో పాటు చేతి సైగ కూడా పెట్టండి. కోల్‌కతాలోని ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ పరిశోధకులు 2020లో ఏ శిక్షణా లేని వీధి కుక్కలకు రెండు గిన్నెలు పెట్టి ఒకదాన్ని వేలితో చూపించారు. చాలా కుక్కలు బెదిరి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వీధి కుక్కకు బుర్ర తక్కువ, ఖరీదైన జాతికి ఎక్కువ అనేవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

మెచ్చుకునేటప్పుడు మాట, గొంతు రెండూ కలవాలి. బుడాపెస్ట్‌లోనే 2016లో చూసింది ఇదే: మెచ్చుకోలు మాటను మెచ్చుకోలు గొంతుతో చెబితేనే కుక్క మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది. ఫోన్ చూస్తూ చప్పగా "గుడ్ బాయ్" అనడం వృథా.

5. వెంటనే ఇవ్వండి, కొంచెమే నేర్పండి

కూర్చుంది, మీరు ఫ్రిజ్ తెరిచి డబ్బా వెతికి ముక్క తెచ్చేసరికి అది లేచి మీ వెనకే వచ్చింది. ఇప్పుడిస్తే ఏం నేర్చుకుంది? వంటింట్లోకి వెంట రావడం. ఒకటి రెండు సెకన్లలో ఇవ్వగలిగేలా ముక్కలు జేబులోనే ఉండాలి. ఉప్పూ మసాలా లేని ఉడికించిన చికెన్, క్యారెట్ ముక్కలు చాలు. గోళీకాయంత కూడా అక్కర్లేదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషమే. మిగిలిన సాంబారన్నం పెట్టే అలవాటున్నవాళ్లు ఉల్లి సంగతి మరోసారి చదవండి.

రోజూ రుద్దితేనే వస్తుందన్న మన ట్యూషన్ల నమ్మకం కుక్క దగ్గర చెల్లదు. డెన్మార్క్‌లో బీగిల్ కుక్కలకు ఒకే పని నేర్పితే, వారానికి ఐదుసార్లు నేర్పినవాటికన్నా ఒక్కసారి నేర్పినవి తక్కువ పాఠాలతో నేర్చుకున్నాయి. ఐదు నిమిషాలు నేర్పి వదిలేయండి, తర్వాత కునుకు తీయనివ్వండి. నిద్రలో పాఠం కుదురుకుంటుందని పరిశోధనలు చెబుతున్నాయి.

6. జ్ఞాపకాన్ని పరీక్షించండి, భయాన్ని మాత్రం వద్దు

మూడు స్టీలు గ్లాసులు బోర్లించి, కుక్క చూస్తుండగా ఒకదాని కింద ముక్క పెట్టండి. కాసేపు పట్టుకుని ఆపి వదలండి. ముందే మూడు గ్లాసులకూ లోపల చికెన్ రుద్దడం మరచిపోవద్దు, లేకపోతే ముక్కుతో పట్టేసి మీకు గొప్ప జ్ఞాపకశక్తి చూపించినట్టు నటిస్తుంది.

మనం పట్టించుకోమనుకున్న సంగతులు కూడా కుక్కకు గుర్తుంటాయి. బుడాపెస్ట్‌లో క్లాడియా ఫుగాజా బృందం 2016లో యజమాని చేసిన పనిని చూసి తిరిగి చేయడం నేర్చిన కుక్కలను పరీక్షించింది. తర్వాత అడుగుతారని తెలియకపోయినా, కొన్ని కుక్కలు గంట తర్వాత కూడా యజమాని చేసింది చేసి చూపించాయి. సమయం గడిచేకొద్దీ తప్పులు పెరిగాయి.

భయం దారి వేరు. ఒక్క దీపావళి, ఒక్క బాధాకరమైన ఇంజెక్షన్ ఏళ్లపాటు నిలిచిపోవచ్చు. మన చెవికి అందే కీచు ధ్వనులకు దాదాపు రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్నవి కూడా కుక్క వింటుంది. బాణసంచా శబ్దాన్ని ఫోన్‌లో బాగా తగ్గించి, కొన్ని వారాల ముందు నుంచే, తిండి తినేటప్పుడు వినిపించండి. చెవులు వెనక్కి వెళ్లాయంటే ఎక్కువ పెట్టారని అర్థం. క్లినిక్‌కు కూడా ఏ పనీ లేని రోజు ఒకసారి వెళ్లి, రిసెప్షన్‌లో ముక్క తినిపించి తిరిగొచ్చేయండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

7. అది మిమ్మల్నీ చదువుతోంది

ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో చితికి, టెన్షన్‌తో ఇంటికొచ్చిన సంగతి మీరు చెప్పకపోయినా దానికి తెలిసే అవకాశం ఉంది. మనిషి ఒత్తిడిలో ఉన్నప్పుడు చెమటలో, ఊపిరిలో వచ్చే మార్పును కుక్కలు వాసనతో గుర్తుపట్టగలవని బెల్‌ఫాస్ట్ పరిశోధకులు 2022లో చూపించారు. మనిషీ కుక్కా ప్రేమగా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ అనుబంధాన్ని పెంచే హార్మోన్ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్‌లో 2015లో తేలింది. ఇది మీ కుక్కతోనే సుమా. వీధిలో తెలియని కుక్క కళ్లలోకి తేరిపార చూడకండి, అది సవాలుగా తీసుకుంటుంది.

కొట్టి నేర్పే శిక్షకులు ఇప్పటికీ ఉన్నారు, "నాలుగు తగిలిస్తే దారికొస్తుంది సార్" అంటారు. అలాంటి పద్ధతులు వాడే స్కూళ్లలోని కుక్కల్లో ఒత్తిడి ఎక్కువని పోర్చుగల్‌లో 2020లో చేసిన అధ్యయనం కొలిచి చెప్పింది. నేనైతే గొలుసు గుంజేవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తాను.

8. ఆలోచన కాక, ఒంట్లో బాగాలేకనా?

ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి కసురుకుంటే, ఇంట్లోనే మూత్రం పోస్తే, పిలిస్తే పలకకపోతే ముందు డాక్టర్‌కు చూపించండి. కీళ్ల నొప్పి, చెవుడు, మూత్రాశయం ఇన్‌ఫెక్షన్ అన్నీ ‘మొండితనం’ వేషంలోనే వస్తాయి. ముసలి కుక్కలు రాత్రిళ్లు దారి తెలియనట్టు తిరగడం, గోడ వైపు చూస్తూ నిలబడిపోవడం మతిమరుపు జబ్బు లక్షణం కావచ్చు. హెబ్బాళ్‌లోని పశువైద్య కళాశాలకు వెళ్లినా, మీ వీధి క్లినిక్‌కు వెళ్లినా ఇంట్లో అది చేసేది ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్లండి. డాక్టర్ బల్ల మీద ఎక్కించగానే చాలా కుక్కలు భయంతో బిగుసుకుపోతాయి, కుంటడం కూడా ఆపేస్తాయి.