పాత పెట్రోల్ కారు అప్పుడప్పుడు మిస్ కొడుతుంటే
పాత మారుతి 800 లాంటి డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో స్పార్క్ ప్లగ్‌కి వంతులవారీగా కరెంట్ పంచే భాగం) ఉన్న బండి ఒకసారి బానే ఉండి ఒకసారి మిస్ కొడుతుంటే, అంటే ఇంజన్ మధ్యమధ్యలో తడబడుతుంటే, అదీ వానాకాలం పొద్దున్నే ఎక్కువైతే, వెంటనే కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపే భాగం) విప్పించకండి, ముందు ప్లగ్‌లకెళ్ళే కరెంట్ ఎక్కడైనా లీకవుతుందేమో చూడండి. రాత్రిపూట ఆరుబయట చీకట్లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ ఆన్‌లో ఉంచి బానెట్ ఎత్తి, ప్లగ్ వైర్ల మీద స్ప్రే బాటిల్‌తో సన్నగా నీళ్ళు కొట్టి చూడండి, కరెంట్ లీకయ్యే చోట చిటపటమని నీలంగా మెరుస్తుంది, ఇంజన్ కూడా సరిగ్గా అప్పుడే తడబడుతుంది. వైర్లని చేత్తో మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, వేల వోల్టులుంటాయి, ఫ్యాన్ దగ్గర చున్నీలు లూజు చొక్కాలు కూడా జాగ్రత్త. ఏమీ కనపడలేదా, ఇంజన్ ఆపేసి డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి లోపల టార్చ్ వేయండి, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత (కరెంట్ లీకైన దారి) ఉంటే దొంగ దొరికినట్టే, తుడిచినా మళ్ళీ వస్తుంది, క్యాప్ మార్చాల్సిందే, పనిలో పనిగా దాని లోపల తిరిగే రోటర్ కూడా.